తెల్లగడ్డ బటర్ సాస్: చిటపట ఆగకముందే దించాలి

నవంబర్ వానలకు తిరుపతిలో రెండు రోజులు ఇల్లు కదల్లేకపోయాం. డాబా ఎక్కి చూసినా కొండ కనబడలేదు, అంతా మబ్బే. ఉడకబెట్టిన మొక్కజొన్న గింజల మీదికి గార్లిక్ బటర్ సాస్ కావాలంది మా అమ్మాయి. వెన్న, తెల్లగడ్డ, అంతే కదా అని మొదలుపెట్టాను. మూడోసారికి గానీ కుదరలేదు.

మొదటిసారి పోపు అలవాటు దెబ్బకొట్టింది. బాణలి బాగా కాగనిచ్చి, వెన్న వేసి, తరిగిన తెల్లగడ్డ వేశాను. ఎర్రగా వేగనిద్దామని చూస్తుండగానే అంచులు నల్లబడ్డాయి. ఆ చేదు వెన్నంతా పట్టేసింది. పారబోయక తప్పలేదు.

రెండోసారి మంట సిమ్‌లో పెట్టి, పది నిమిషాలు వదిలేశాను. మాడలేదు కానీ అడుగున గసి, పైన పసుప్పచ్చ నూనె మిగిలాయి. వాసనకు అత్తమ్మ వంటింట్లోకి వచ్చారు.

"వెన్న కాస్తే నెయ్యే కదమ్మా అవుతుంది? చప్పుడు విను. చిటపటమంటున్నంతసేపూ లోపల నీళ్లున్నట్టు. ఆగిందంటే నెయ్యి దిగినట్టే."

నాకు దారి దొరికింది అక్కడే. కొనే వెన్నలో సుమారు 80 శాతం కొవ్వు, 16 శాతం దాకా నీళ్లు ఉంటాయి. ఆ నీళ్లు, కాస్తంత పాల పదార్థం కొవ్వుతో కలిసి ఉన్నంతవరకే సాస్ చిక్కగా, పాలరంగులో నిలుస్తుంది. నీళ్లు ఇగిరిపోతే నూనె విడిపోతుంది.

మూడోసారి 100 గ్రాముల వెన్న, ఎనిమిది రెబ్బలు తీసుకున్నాను. తెల్లగడ్డ సన్నగా తరిగి పది నిమిషాలు పక్కన పెట్టాను. తరిగాకే దానికి ఘాటు పుడుతుంది. వెన్నలో పావు వంతు, తెల్లగడ్డ కలిపి చల్లటి బాణలిలోనే వేసి సన్నటి మంట పెట్టాను. ఇక చెవి అటే. పచ్చి వాసన పోయి కమ్మగా వస్తోంది, ముక్కలు తెలుపు నుంచి లేత గడ్డి రంగుకు తిరిగాయి, చిటపట ఇంకా వినబడుతోంది. వెంటనే మొక్కజొన్న ఉడికిన వేడినీళ్లు రెండు చెంచాలు పోసి స్టవ్ ఆపేశాను. మిగతా వెన్నను ఫ్రిజ్‌లోంచి తీసి, ఒక్కో ముక్కా వేస్తూ, అది కరిగాకే ఇంకోటి వేస్తూ, గరిటె ఆపకుండా తిప్పాను. గరిటె వెనక వేలితో గీత గీస్తే అలాగే నిలిచింది! అరచెక్క నిమ్మరసం, మిరియాలపొడి, కొత్తిమీర చివర్లో పడ్డాయి. ప్యాకెట్ వెన్నలో మామూలుగా ఉప్పు ఉంటుంది, రుచి చూడకుండా వేయొద్దు.

మిగిలితే ఫ్రిజ్‌లోనే పెట్టి, రెండు మూడు రోజుల్లో వాడేయాలి. పచ్చి తెల్లగడ్డ వేసిన వెన్నను, నూనెను బయట నిలవ ఉంచడం ప్రమాదం. తిరిగి వేడి చేసినప్పుడు విరిగితే చెంచాడు వేడినీళ్లు పోసి గిలకొడితే మళ్లీ కలుస్తుంది.

మాకు మిగిలింది రెండు చెంచాలే. రాత్రి అత్తమ్మ దాన్ని వేడి రాగి సంగటి మీద వేసుకుని, ఇంకొంచెం నిమ్మకాయ పిండమన్నారు.