నాన్న షుగర్ లెక్క

మా నాన్న షుగర్ పుస్తకం 2022 జులై వరదలో పోయింది. భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిందని టీవీలో చెబుతున్న రోజుకే పి.గన్నవరం అవతల, ఏటి మధ్య ఉన్న మా లంకలో ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చేశాయి. గేదెల్ని ఏటిగట్టు మీదకి తోలి, బియ్యం బస్తాలు అటకెక్కించి, నాన్నని పడవెక్కించేసరికి చీకటి పడింది. బల్ల మీద పుస్తకం ఎవరికీ గుర్తు రాలేదు. నీళ్ళు తీశాక చూస్తే అట్ట ఉబ్బిపోయి, పేజీలు అంటుకుపోయి ఉన్నాయి. నాన్న ఇప్పటికీ సిరా పెన్నుతోనే రాస్తారు. ఆరేళ్ళ రీడింగుల్లో ఒక పేజీ మీద "పరగడుపున" అన్న మాట మిగిలింది, దాని పక్కన అంకె లేదు. కొబ్బరికాయల లెక్క పుస్తకం మాత్రం భద్రంగా ఉంది. దాన్ని బనీను లోపల దోపుకుని పడవెక్కారట.

"ఇకమీదట ఫోన్‌లో రాద్దాం నాన్నా" అని ఒక యాప్ వేశాను. పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు అడిగింది, ఇచ్చాను. కాంటాక్ట్స్ చూడొచ్చా అంది, సరే. లొకేషన్ చూడొచ్చా అంది, సరే. షుగర్ రాసుకోవడానికి మా ఇల్లు ఎక్కడుందో దానికెందుకు అన్న ఆలోచనే రాలేదు. అమలాపురంలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను నేను. ఓచరు మీద సంతకం లేకపోతే పది రూపాయలు కూడా వదలను. అలాంటిదాన్ని ఆ రోజు అన్నిటికీ సరే నొక్కుకుంటూ పోయాను.

రెండు మూడు వారాలకి నాన్నకి ఫోన్ వచ్చింది. షుగర్ ఉంది కదండీ, మా పౌడరు మూడు నెలలు వాడితే మాత్రలు మానేయొచ్చండీ అని ఎవరో అమ్మాయి. "నాకు షుగరని నీకెవరు చెప్పారమ్మా?" అని నాన్న అడిగితే పెట్టేసింది. తర్వాత ఇంకో రెండు కాల్స్. మూడోదాని తర్వాత నాన్న నావైపు తిరిగి, "ఏమ్మా, నువ్వు గానీ ఎవరికైనా చెప్పావా?" అన్నారు.

యాప్ వల్లే ఆ కాల్స్ వచ్చాయని నేను రుజువు చెయ్యలేను. ల్యాబ్‌లో నంబరిస్తాం, మందుల షాపులో నంబరిస్తాం, ఊళ్ళో ఉచిత వైద్య శిబిరం పెడితే అక్కడా రాస్తాం. ఎక్కణ్ణుంచి కారిందో ఎవరికి తెలుసు. కానీ ఆ రాత్రి కూర్చుని ఆ యాప్ ప్రైవసీ పాలసీ మొదటిసారి చదివాను. అంతా ఇంగ్లిషు, ఫోన్ తెర మీద ఎంత జరిపినా అయిపోదు. మధ్యలో ఎక్కడో ఒక వాక్యం: మీ వివరాలు మా వ్యాపార భాగస్వాములతో పంచుకోవచ్చు. ఆ భాగస్వాములెవరో ఎక్కడా లేదు.

ముందు దాన్ని తీసేశాను. తీసేశాక తెలిసింది, ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే కంపెనీ సర్వర్లో ఉన్నది పోదని. మళ్ళీ వేసి, లోపల ఖాతా తొలగించు అన్నది వెతికి నొక్కాలి. ఖాతా తెరిపించుకునే యాప్ ఏదైనా, ఖాతా తీసేసే దారి కూడా చూపించి తీరాలని ప్లే స్టోర్ నియమం ఉంది. దారి చూపించారు గానీ, సెట్టింగ్స్‌లో నాలుగు మెట్లు దిగాక అడుగున, బూడిద రంగు అక్షరాల్లో.

తర్వాత ఒక నెల పాటు నాకు ఇదే పిచ్చి. ఏ యాప్ చూసినా మొదటి ప్రశ్న ఒకటే: నేను రాసిన అంకె ఎక్కడ ఉంటుంది? ఫోన్‌లోనా, వాళ్ళ దగ్గరా? తేలిగ్గా చూసుకునే పద్ధతొకటి పట్టాను. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి రీడింగ్ రాయాలి. ఖాతా అడక్కుండా, పాత గ్రాఫులతో సహా అన్నీ చూపిస్తే లెక్క మన ఫోన్‌లోనే ఉందన్నమాట. నెట్ రాగానే గుట్టుగా పంపే యాప్‌లూ ఉంటాయి కాబట్టి ఇది పూర్తి పరీక్ష కాదు. కానీ నెట్ లేకపోతే అసలు తెరుచుకోనే తెరుచుకోని యాప్‌ని వడపొయ్యడానికి చాలు.

రెండోది తాళం సంగతి. ప్రతి యాపూ "మీ డేటా ఎన్‌క్రిప్ట్ చేశాం" అని పెద్దగా రాసుకుంటుంది. తాళం వేశాం అంటే సరా, తాళంచెవి ఎవరి బొడ్లో ఉంది? చాలా యాప్‌లలో దారిలో దొంగలు చూడకుండా తాళం వేసి పంపుతారు, చేరాక చెవి కంపెనీ దగ్గరే ఉంటుంది. వాళ్ళు ఎప్పుడైనా తెరిచి చూసుకోవచ్చు. ఎండ్ టు ఎండ్ అంటే చెవి మన ఫోన్‌లో మాత్రమే ఉంటుంది, వాళ్ళు చూద్దామన్నా పిచ్చిగీతలే కనిపిస్తాయి. దీనికి మూల్యం ఉంది. పాస్‌వర్డ్ మర్చిపోతే "మర్చిపోయాను" అని నొక్కడానికి మామూలుగా బటన్ ఉండదు. ఉందంటే, అది నొక్కి కొత్త పాస్‌వర్డ్ పెట్టగానే పాత లెక్కంతా తిరిగి తెచ్చిస్తుందంటే, చాలామటుకు చెవి వాళ్ళ దగ్గర ఉన్నట్టే.

ప్లే స్టోర్లో ప్రతి యాప్ కింద "డేటా సేఫ్టీ" అని ఒక పెట్టె ఉంటుంది. అది గూగుల్ తనిఖీ చేసి ఇచ్చిన సర్టిఫికెట్ అనుకునేదాన్ని. కాదు, యాప్ తయారుచేసినవాళ్ళే రాసుకునేది. మా ఆఫీసు భాషలో సెల్ఫ్ డిక్లరేషన్. అందులో ఎంత నిజముంటుందో మార్చి నెలలో నన్నడగండి.

ఇవన్నీ వినడానికి అతిజాగ్రత్తలా ఉంటాయి. ఆడవాళ్ళు నెలసరి తేదీలు రాసుకునే ఫ్లో అనే యాప్ సంగతి చూడండి. వివరాలు బయటికి ఇవ్వమని చెప్పి, ఫేస్‌బుక్, గూగుల్ లాంటి కంపెనీల విశ్లేషణ విభాగాలకి పంపిందని అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ ఆరోపించింది. 2021లో రాజీ కుదిరింది. యాప్‌లో ఎవరో కూర్చుని అమ్మలేదు. యాప్ ఎలా వాడుతున్నారో లెక్కగట్టడానికి బయటి కంపెనీ కోడ్ ముక్కల్ని లోపల పెట్టుకుంటారు, కారేది అక్కణ్ణుంచే.

మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో. చాలావాటికి 18 నెలల గడువిచ్చారు. డేటాని సరిగ్గా కాపాడకపోతే 250 కోట్ల దాకా జరిమానా వెయ్యొచ్చు. నాకు నచ్చింది అది కాదు. అనుమతి అడిగే నోటీసుని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే వీలివ్వాలని ఉంది. అంటే ఆ గడువు తీరాక "వ్యాపార భాగస్వాములు" తెలుగులో కూడా కనబడాలి. నచ్చనిది కూడా ఒకటుంది. ఈ చట్టం ఆరోగ్య వివరాలకి వేరే పీట వెయ్యలేదు. అందులో షుగర్ రీడింగూ ఫోన్ నంబరూ ఒక్కటే.

చివరికి ఒక యాప్ దొరికింది. లెక్క ఫోన్‌లోనే ఉంటుంది, వేలిముద్ర పెడితే తెరుచుకుంటుంది, కాంటాక్ట్స్ ఊసెత్తదు. ఇంట్లో ఒకరితో పంచుకోవాలంటే కోడ్ ఇచ్చి కలుపుకోవచ్చు, అది కూడా చెవి మన దగ్గరే ఉండే పద్ధతిలో. నాన్న ఫోన్‌ని నా ఫోన్‌కి నేనే కలిపాను. ఆయన్ని అడిగానా? గుర్తులేదు. అడగలేదనే అనుకుంటున్నాను.

ఒకరోజు పదకొండింటికి ఆఫీసులో తెర మీద 212 అని వచ్చింది. వెంటనే ఫోన్ చేశాను. "పొద్దున్న ఏం తిన్నారు? మళ్ళీ పూతరేకులా?" అవతల చెట్టు మీంచి కాయలు పడుతున్న చప్పుడు, ఎవరో నవ్వడం వినిపించాయి. తర్వాత వారం నుంచి నాన్న రీడింగులు దారిలో పడ్డాయి. 128. 126. 131. 128. నేను గర్వంగా అందరికీ చెప్పుకున్నాను.

నాలుగు నెలలకి హెచ్‌బీఏ1సీ చేయిస్తే 9.1 వచ్చింది. దాదాపు మూడు నెలల సగటు చెప్పే పరీక్ష అది. 9.1 అంటే సగటున 210 పైమాటే. డాక్టరుగారు రిపోర్టునీ, నా ఫోన్‌లో గ్రాఫునీ మార్చి మార్చి చూసి, "ఈ రెండూ ఒకే మనిషివేనా అండీ?" అన్నారు. నాన్న గోడ మీద క్యాలెండరు చూస్తున్నారు.

ఆ రాత్రి లంకలోనే పడుకున్నాను. నాన్న నిద్రపోయాక షుగర్ మిషన్ తీసి మెమరీ నొక్కాను. పాత రీడింగులు అందులో ఉండిపోతాయని ఆయనకి తెలీదు. 236. 198. 251. ఒకటొకటే వెనక్కి నొక్కుకుంటూ పోతుంటే, చీకట్లో ఆ చిన్న తెర వెలుగులో, నాన్న కొబ్బరి లెక్కల పుస్తకం ఎవరైనా ఇలా తిప్పి చూస్తే ఊరుకునేవారా అనిపించింది. ఆపేశాను. పౌడరు అమ్మే అమ్మాయికి తెలియకూడదని నెల రోజులు తపస్సు చేసినదాన్ని.

పొద్దున్న కాఫీ తాగుతూ ఆయనే అన్నారు. "నువ్వు ఆఫీసులోంచి ఫోన్ చేసి అరుస్తుంటే కొబ్బరి దింపు కుర్రాళ్ళు వింటారమ్మా. స్పీకరు మీద పెడితే గానీ నాకు వినబడి చావదు." అంతే, ఇంకేం అనలేదు.

ఆ కొత్త చట్టంలోనే ఇంకో మాట ఉంది, తర్వాత చూశాను. ఇంటి అవసరాలకి, సొంతానికి ఒక మనిషి డేటా వాడుకుంటే చట్టం వర్తించదు. కూతుళ్ళ మీద 250 కోట్ల జరిమానా లేదన్నమాట.

షేరింగ్ తీసేశాను. వేలిముద్ర పని చెయ్యకపోతే వాడే పాస్‌వర్డ్ నాన్నే మార్చుకున్నారు, నేను గది బయట నిల్చున్నాను. మర్చిపోతే లెక్కంతా పోతుందని మూడుసార్లు చెప్పాను. "కొబ్బరి పుస్తకంలో రాసుకున్నాలే" అన్నారు. వరదొస్తే అదొక్కటే బయటపడుతుందని మా ఇద్దరికీ తెలుసు.

ఇది రాస్తానంటే నాన్న ఒప్పుకున్నారు, ఊరి పేరు వెయ్యొద్దన్నారు. మొన్న మళ్ళీ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. నాన్న ఫోన్ తెరిచి నావైపు వీపు పెట్టి ఆయనకి చూపించారు. ఈసారి నన్నెవరూ ఏమీ అడగలేదు. బస్సు అంబాజీపేట దాటాక, కిటికీలోంచి చూస్తూనే, కొత్త హెచ్‌బీఏ1సీ ఎంతొచ్చిందో చెప్పారు. అది మాత్రం రాయొద్దన్నారు.