కొండ కదలిక ఆగాకే లైనింగ్

ఆదివారం, సాయంత్రం

పొద్దున్నించీ ముసురు. ఎక్కడికీ కదలకుండా జమ్మూ కాశ్మీర్‌లోని పీర్ పంజాల్ రైలు సొరంగం గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. బనిహాల్, కాజీగుండ్‌ల మధ్య సుమారు 11.2 కిలోమీటర్లు. 2013 జూన్ నుంచి రైళ్ళు తిరుగుతున్నాయి. రెండు కొసల నుంచే తవ్వుకుంటూ పోతే ఆలస్యమవుతుందని మధ్యలో ఒక అడిట్ (పక్కనుంచి లోపలికి వెళ్ళే దారి), ఒక షాఫ్ట్ (పైనుంచి దిగే నిలువు బావి) తీసి అక్కడినుంచీ తవ్వారు.

సున్నపురాయి, గట్టి క్వార్ట్‌జైట్, పొరలుగా విడిపోయే షేల్ ఒకదాని వెంట ఒకటి వచ్చే కొండ అది. అలాంటి చోట ఎన్‌ఏటీఎం (న్యూ ఆస్ట్రియన్ టన్నెలింగ్ మెథడ్) పద్ధతే నాకు నచ్చుతుంది. రాయి మారినప్పుడల్లా సపోర్టూ మార్చుకోవచ్చు. ఒక్కో విడత పని ఇదీ: డ్రిల్లింగ్, మందు కూరడం, బ్లాస్టింగ్, పొగ పోయేదాకా ఆగడం, వదులు రాళ్ళు రాల్చడం, రాళ్ళు ఎత్తిపోయడం, షాట్‌క్రీట్ (గాలి ఒత్తిడితో రాతి మీద చిమ్మే కాంక్రీటు), రాతిలోకి దిగేసే బోల్టులు, మళ్ళీ డ్రిల్లింగ్. గట్టి రాయిలో ఒక్కో బ్లాస్టుకి మూడు మీటర్ల దాకా ముందుకు పోవచ్చు. నలిగిన షేల్‌లో మీటరు దాటితే పైకప్పు నిలవదు, లాటిస్ గర్డర్ (కమ్మీలతో అల్లిన ఉక్కు కమాను) పెట్టాల్సిందే. అంచు రంధ్రాలు అవసరానికి మించి బయటికి వాలితే అనవసరంగా రాయి ఊడుతుంది, ఆ గుంతంతా షాట్‌క్రీట్‌తోనే పూడ్చాలి.

షాట్‌క్రీట్ కొట్టడంలోనే పనితనమంతా ఉంది. నాజిల్ రాతికి నిటారుగా, మీటరు, మీటరున్నర దూరంలో ఉండాలి. ఏటవాలుగా పట్టుకుంటే చాలా మాలు వెనక్కి తుళ్ళి నేలపాలవుతుంది. నీరు చెమర్చేచోట నేరుగా కొడితే అతుక్కోదు. అతుక్కున్నా వెనక చేరిన నీరు పెచ్చులుగా తోసేస్తుంది. ముందు అక్కడ రంధ్రం వేసి, పైపు పెట్టి నీటిని పక్కకి మళ్ళించాలి. ఆ తర్వాతే కొట్టాలి. ఈ అరగంట పని తొందరలో వదిలేస్తే తర్వాత రోజుల తరబడి మరమ్మతులే.

బయటివాళ్ళకి బ్లాస్టింగే పెద్ద పని అనిపిస్తుంది. నాకు మాత్రం కొలతలే ప్రాణం. గోడలకీ కప్పుకీ బిగించిన టార్గెట్లను టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతో చూస్తే సొరంగం ఎన్ని మిల్లీమీటర్లు లోపలికి నొక్కుకుందో తెలుస్తుంది. ఫేస్ (తవ్వుతున్న ముందు గోడ) దగ్గర రోజూ చూడాలి. ఆ కొలతలతో గీసిన గ్రాఫు గీత రోజురోజుకీ చదునవుతుంటే సరే. చదునైంది మళ్ళీ లేస్తే తవ్వకం ఆపి, పొడవాటి బోల్టులు వేసి, ఇంకో పొర కొట్టి, అడుగున ఇన్‌వర్ట్ (సొరంగం నేల భాగం) కాంక్రీటుతో మూసెయ్యాలి. ఆలస్యం చేస్తే గోడల కాళ్ళు లోపలికి జరుగుతాయి.

కదలిక ఆగిందని రీడింగులు చెప్పాకే జియోటెక్స్‌టైల్ అనే మందపాటి గుడ్డ, దానిమీద వాటర్‌ప్రూఫ్ పొర, చివర సొరంగం లోపలి గోడగా నిలిచే కాంక్రీటు లైనింగ్. కమ్మీ కట్టేటప్పుడు ఆ పొరకి చిన్న చిల్లు పడ్డా లైనింగ్ పోశాక దాన్ని వెతికి పట్టుకోవడం మహా కష్టం. అందుకే కమ్మీ కట్టడం అయ్యాక పొరని మరోసారి అంగుళం అంగుళం చూసి, చిరిగిన చోట అతుకేశాకే కాంక్రీటు పంపు ఆన్ చెయ్యాలి.