వసారాలోని నల్లబల్ల

మా పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుల గది ముందున్న వసారాలో ఒక నల్లబల్ల ఉండేది. జట్ల పేర్లు, పోటీల వేళలు రాయడానికే దాన్ని వాడేవారు. నేను ఎనిమిదో తరగతిలోకి వచ్చిన ఏడాది మాస్టారు దాని పై సగాన్ని "క్రీడాచరిత్రలో ఈ రోజు" అనే శీర్షికకు కేటాయించి, చేతిరాత కుదురుగా ఉంటుందన్న ఒక్క కారణంతో ఆ పని నాకు అప్పగించారు. పరుగుపందెంలో ఎప్పుడూ చివరి ఇద్దరిలో ఒకణ్ణయిన నాకు ఆటల గదిలో దక్కిన గౌరవం అదొక్కటే. ఆయన పెట్టిన నియమం కఠినమైనదే: తేదీ, అంకె, వాటి కింద ఆ రోజు అక్కడున్నవారు కళ్ళారా చూసిన ఒక చిన్న సంగతి. ఆ మూడోది దొరకకపోతే ఎంతటి రికార్డయినా బల్లకెక్కదు.

జూలై 18న నేను "1976, మాంట్రియల్, నాదియా కొమనెచి, 10.00" అని రాశాను. మాస్టారు వచ్చి చూసి, చివరి సున్నా తుడిపించి చుక్కను ఎడమకు జరిపించారు. బల్ల మీద 1.00 మిగిలింది. ఆ ఉదయం అటుగా వెళ్ళిన ప్రతివాడూ నాకు దశాంశాలు రావని తేల్చి వెళ్ళాడు. లెక్కల మాస్టారయితే సుద్దముక్క చేతిలోకి తీసుకుని దిద్దబోయారు కూడా. పద్నాలుగేళ్ళ ఆ రుమేనియా అమ్మాయి జిమ్నాస్టిక్స్‌లో కడ్డీల మీద విన్యాసం ముగించి దిగినప్పుడు పదికి పది వచ్చాయి గాని, స్కోరుబోర్డులో ఆ అంకెకు చోటే లేదు. ప్రేక్షకులు మొదట చూసింది 1.00నే. ఆ వాక్యం కింద రాశాక గాని బల్ల ముందు గుంపు చెదరలేదు.

కొలిచే సాధనానికే అందని రోజు మరొకటి ఉంది. 1968 అక్టోబరు 18న మెక్సికో నగరంలో బాబ్ బీమన్ లాంగ్ జంప్ దూకి ఇసుకలో పడిన చోటు, దూరాన్ని చూసి కొలిచే కొత్త పరికరపు హద్దు దాటిపోయింది. అధికారులు టేపు తెప్పించి చేత్తో కొలవగా 8.90 మీటర్లు తేలింది. పాత రికార్డు 8.35. కొద్ది సెంటీమీటర్ల చొప్పున పెరిగే రికార్డు ఒక్క దూకుతో 55 సెంటీమీటర్లు పెరిగిందంటే దాని విలువ మాకు తెలియలేదు. అప్పుడు మాస్టారు వసారా గోడ మొదలు నుంచి టేపు పరిపించి, 8.35 దగ్గర ఒకటి, 8.90 దగ్గర ఒకటి అడ్డగీతలు గీయించారు. మొదటి గీత మీద మోచేయి ఆనించి చెయ్యి చాచాను. మూర పూర్తయినా రెండో గీత ఇంకా వేళ్ళకు అందలేదు. ఎత్తయిన ఆ నగరపు పలుచని గాలి, నిబంధనలు అనుమతించే హద్దు దగ్గర సరిగ్గా సెకనుకు 2 మీటర్ల వేగంతో వీచిన వెనుకగాలి ఆయనకు తోడ్పడిన మాట నిజమే; అయినా అదే మైదానంలో రెండో స్థానం 8.19 దగ్గరే ఆగిందన్నది మరచిపోకూడదు.

ఆగస్టు వస్తే బల్ల మీద చోటు చాలేది కాదు. 14వ తేదీన, 1948లో లండన్‌లోని ఓవల్ మైదానంలో ఆస్ట్రేలియా క్రికెటర్ బ్రాడ్‌మన్ తన చివరి టెస్టు ఇన్నింగ్స్‌లో ఎరిక్ హోలీస్ వేసిన రెండో బంతికే బౌల్డయ్యాడు. నాలుగు పరుగులు చేసి ఉంటే సగటు 100 అయ్యేది, 99.94 దగ్గర నిలిచిపోయింది. అంకె రాయవలసిన చోట పెద్ద సున్నా చుట్టడం నాకు మహా సరదాగా ఉండేది. మరునాడు 1936 బెర్లిన్ హాకీ ఫైనలు: వాన వల్ల ఒక రోజు వెనక్కి జరిగి, భారత్ జర్మనీని 8–1తో ఓడించిన ఆట, మనకు ఆ తేదీ పండుగ కావడానికి పదకొండేళ్ళ ముందే ఆగస్టు 15న పడింది.

మాస్టారితో నేను వాదనకు దిగినది మాత్రం పి.టి.ఉష విషయంలో. 1984లో లాస్ ఏంజెలెస్‌లో 400 మీటర్ల హర్డిల్స్ ఫైనలును ఆమె 55.42 సెకన్లలో ముగించింది. కాంస్యం గెలిచిన రుమేనియా క్రీడాకారిణి కోజొకారు సమయం 55.41. అక్కడ అది ఆగస్టు 8, ఇక్కడ అప్పటికే 9 వచ్చేసింది. ఆ సెకనులో నూరోవంతు మనల్ని బాధించింది 9వ తేదీన కదా అని నేను, ఆట జరిగిన చోటి తేదీయే తేదీ అని ఆయన. బల్ల ఆయనది కనుక 8నే రాశాను. ఆ తీర్పుతో నేను ఇప్పటికీ ఏకీభవించను.

బడి వదిలాక ఆ పనిని రోజుకొక పుట ఉన్న లావుపాటి నోటుపుస్తకంలో కొనసాగించాను. 2008 ఆగస్టు 16న బీజింగ్‌లో ఉసేన్ బోల్ట్ షూలేసు ఊడి ఉండగానే, గీత చేరకముందే గుండె చరుచుకుంటూ 9.69 సెకన్లలో 100 మీటర్లు ముగించినప్పుడు, ఈ పుటతో ఇక పని ఉండదన్న నమ్మకంతో దాన్ని అంచుల దాకా నింపేశాను. సరిగ్గా ఏడాదికి అదే తేదీన, బెర్లిన్‌లో, అతడే 9.58 పరుగెత్తాడు. మన గడియారంలో అప్పటికి అర్ధరాత్రి దాటింది. నా వాదన ప్రకారం అది 17వ తేదీ, ఆ పుట పూర్తిగా ఖాళీ. కలం తెరిచి కాసేపు తటపటాయించి, 16వ తేదీ పుటను పక్కకు తిప్పి, మార్జినులో సన్నటి అక్షరాలతో ఇరికించి రాశాను.