సవర పిల్లల దగ్గర నేను నేర్చుకున్న పదమూడు

2009లో అప్పటి శ్రీకాకుళం జిల్లా సీతంపేట మన్యంలోని ఒక సవర గిరిజనుల గూడకు సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయుడిగా వెళ్ళేనాటికి నాకు రెండు భాషలు వచ్చునని అనుకునేవాణ్ణి. ఒకటి ఇంట్లో పుట్టిన తెలుగు. రెండోది డిగ్రీ దాకా చదివి, పరీక్షల్లో రాసి, ఎన్నడూ నోరు తెరిచి మాట్లాడని ఇంగ్లీషు. ఒకటో తరగతిలో పదకొండు మంది పిల్లలు ఉండేవారు. పేరు అడిగినా, అన్నం తిన్నారా అని అడిగినా, పలక మీద సున్న చుట్టమన్నా వాళ్ళు కళ్ళప్పగించి చూసేవారు తప్ప ఒక్కరూ పలికేవారు కారు. మొదటి వారం చివర నా పుస్తకంలో ‘పిల్లలు మందకొడిగా ఉన్నారు’ అని రాసుకున్నాను. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మధ్యాహ్న భోజనం గంట కొట్టగానే అదే పిల్లలు ఊపిరి తీసుకోకుండా కబుర్లు చెప్పుకునేవారు; గదిలో మూగవాణ్ణి నేనేనన్న సంగతి అప్పటికి నాకు తట్టలేదు.

అప్పటికే రాష్ట్రంలో సవర, కోయ, కువి వంటి ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన కార్యక్రమం నడుస్తోంది. మొదటి తరగతిలో పిల్లవాడి భాషలో పాఠం, దానితోపాటు నోటిమాటగా తెలుగు, పై తరగతులకు వచ్చేసరికి పూర్తిగా తెలుగులో చదువు అన్నది ఆ పద్ధతి. మాతృభాషలో ప్రాథమిక విద్య అందించే ప్రయత్నం చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతూనే ఉంది. తెలుగు లిపిలో అచ్చయిన సవర వాచకాలు మా బడికీ వచ్చాయి. అయితే పుస్తకం చదివి చెప్పవలసిన నాకు అందులో ఒక్క మాటకూ అర్థం తెలియదు. ఐదు రోజుల శిక్షణలో పద్ధతి గురించి చెప్పారు గాని భాష నేర్పలేదు.

మా బడిలో పనిచేసే విద్యా వాలంటీరు సవర యువకుడు కావడం నా అదృష్టం. రోజూ బడి వదిలాక అతన్ని కూర్చోబెట్టుకుని పది మాటలు రాసుకునేవాణ్ణి. నీళ్ళను వాళ్ళు ‘డాఅ’ అంటారు. అయితే ఆ రెండు అచ్చుల నడుమ గొంతు ఒక్క లిప్త మూసుకుని తెరుచుకోవాలి. ఆ ఆపును చూపడానికి మన అక్షరమాలలో ఏ గుర్తూ లేదు. నేను దీర్ఘం తీసి ‘డా’ అని వదిలేస్తే పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వేవారు. నెలల తరబడి నోరు విప్పని పిల్లలు నన్ను సరిదిద్దడానికే మొదటిసారి నాతో మాట్లాడారు.

సవర మన తెలుగుకు చుట్టం కాదు. సంతాలీ, ముండారీలతో కలిసి ముండా కుటుంబానికి చెందినది. తెలుగు వాక్యాన్ని మాటకు మాట మార్చుకుంటూ పోతే కుదరదని తెలియడానికి నాకు ఏడాది పట్టింది. చేసే పనిని, ఆ పని దేని మీద జరుగుతుందో ఆ వస్తువును కలిపి ఒక్క క్రియలోనే చెప్పేయగల భాష అది. గిడుగు వెంకట రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఈ భాష నేర్చుకున్నారు. 1931లో వారి సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. ఏటా ఆగస్టు 29న బడిలో ఆయన పటానికి దండ వేసి వాడుక భాష గురించి ఉపన్యాసం ఇచ్చిన నాకు, అదే కొండల పిల్లల కోసం ఆయన పడిన కష్టం గుర్తుకు రాకపోవడం ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

అన్నిటికంటే ఎక్కువగా నన్ను ఆపింది లెక్కలు. రెండో తరగతి అమ్మాయిని పదమూడు రాయమంటే పలక మీద 121 అని రాసింది. కొట్టివేసి మళ్ళీ రాయమన్నాను. మళ్ళీ అదే రాసింది. మూడోసారి వాలంటీరు నవ్వి, ఆమె తప్పు రాయలేదన్నాడు. సవరలో పన్నెండును ‘మిగెల్’ అంటారు. పదమూడు ‘మిగెల్ బోయ్’, అంటే పన్నెండూ ఒకటీ. ఆ పిల్ల విన్నది విన్నట్టు 12 పక్కన 1 వేసింది. మన పదమూడులో పది, మూడు దాగి ఉన్నట్టే వాళ్ళ మాటలో పన్నెండు, ఒకటి ఉన్నాయి. ఇరవైని ‘బోకుడి’ అంటారు కనుక ముప్పై మూడు ‘బోకుడి మిగెల్ బోయ్’ అవుతుంది. మర్నాడు చింతపిక్కలు పోసి ముప్పై మూడు ఏరమంటే ఆమె ఇరవై ఒక కుప్ప, పన్నెండు ఒక కుప్ప పెట్టి, మిగిలిన పిక్కను విడిగా పెట్టింది. నేను ఆ కుప్పల్ని కలిపి పదేసి చొప్పున మూడు కుప్పలు చేసి చూపించాను. చేతిలో పిక్కలున్నాక స్థానవిలువలు చెప్పడానికి రెండు రోజులు చాలాయి. అంతకుముందు మూడు నెలలు నేను ఎందుకు అరిచానో తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

తల్లిదండ్రులు మాత్రం సంతోషించలేదు. ఒక పెద్దాయన వచ్చి, “మా బాస మాకొచ్చు కదా బాబూ, సంతలో అనాసపళ్ళు అమ్మితే మోసపోకుండా తెలుగు నేర్పండి సాలు” అన్నాడు. ఆయన అన్నది న్యాయమే. షావుకారుతో బేరం తెలుగులోనే జరుగుతుంది. సవర వల్ల తెలుగు వెనకబడదని చెప్పి ఒప్పించే శక్తి నాకు లేదు. అందువల్ల ఉదయం పాఠం సవరలో మొదలుపెట్టి, మధ్యాహ్నం బడిలోనే సంత పెట్టి, తెలుగులో బేరమాడించేవాణ్ణి. తక్కెడ పట్టుకున్న పిల్లవాడు షావుకారు గొంతును అనుకరిస్తూ బేరం చేస్తుంటే ఆ పెద్దాయన కిటికీ దగ్గర నిలబడి చూసేవాడు. మళ్ళీ వచ్చి అడగలేదు.

నాలుగో ఏడు తనిఖీకి వచ్చిన అధికారి, అప్పటికి ఐదో తరగతికి వచ్చిన ఆ అమ్మాయినే లేపి, ఇరవై, పదమూడు కలిపితే ఎంత అని తెలుగులో అడిగారు. ఆమె ఒక క్షణం ఆగి, “బోకుడి... మిగెల్ బోయ్” అని గొణిగింది. ఆయన ముఖం చిట్లించారు. ఆమె భాషలో ఆ రెండు సంఖ్యలూ పక్కపక్కన పలికితే అదే జవాబు. లెక్క అక్కడే అయిపోయింది, మిగిలింది దాన్ని తెలుగులో చెప్పడమే. ఆయన నావైపు తిరిగేలోగా “ముప్పై మూడు సార్” అని కూర్చుంది.