పదిహేడో నంబరు డబ్బా

జనవరిలో బాదం చెట్లు మోడుల్లా ఉంటాయి. కాలిఫోర్నియాలో మొడెస్టో దగ్గరి తోటలో నేల తేమ కొలిచే డబ్బాలు 40 పెట్టింది ఆ నెలలోనే. వేటికీ తీగల్లేవు. ఒక్కో డబ్బా తన కొలతను పక్కదానికి అందిస్తుంది, అది ఇంకోదానికి. అలా పంపు షెడ్డు మీది గేట్‌వే దాకా, అంటే కొలతలన్నీ పోగేసి బయటికి పంపే పెట్టె దాకా చేరాలి. దారి మనం గీసివ్వం, అవే వెతుక్కుంటాయి. బ్యాటరీలు రెండేళ్లు వస్తాయని లెక్క కట్టింది నేనే.

జూన్‌లో ఒక ఉదయం సగం తోట మూగబోయింది. వెళ్లి చూస్తే పోయింది ఒక్కటే, షెడ్డుకు దగ్గరున్న 17. ఏప్రిల్‌కల్లా ఆకు కమ్మింది. ఆకులో ఉండేది నీళ్లే, 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను అవి మింగేస్తాయి. దాంతో షెడ్డును నేరుగా అందుకోలేని డబ్బాలన్నీ, బాట పక్కన ఖాళీలో ఉన్న 17 మీదే పడ్డాయి.

ఈ రేడియోలకు పంపడం కన్నా వినడమే ఖరీదు. నేను పని నేర్చుకున్న సీసీ2420 చిప్ గరిష్ఠ శక్తితో పంపేటప్పుడు 17.4 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే, వినేటప్పుడు 18.8 తీసుకుంటుంది. 2,400 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీతో అది రాత్రీపగలూ వింటూ కూర్చుంటే అయిదు రోజులు దాటి కొన్ని గంటలే. అందుకే డబ్బా నిద్రలోనే బతకాలి. 17ను మాత్రం ఎవరో ఒకరు లేపుతూనే ఉన్నారు. మాది లిథియం థయోనిల్ క్లోరైడ్ బ్యాటరీ, అయిపోయే దాకా 3.6 వోల్టుల దగ్గరే నిలబడుతుంది. నా తెర చూసేది ఆ వోల్టేజినే, అందుకే ముందురోజు కూడా దానిమీద 17 పచ్చగానే ఉంది.

మాది దర్శి పక్క, సాగర్ కుడి కాలువ చివరి పొలం. ఆ ఆదివారం ఫోన్లో చెబితే నాన్న ఆశ్చర్యపోయాడు: "మనకాడ ఎండేది చివరోడు గదరా. ఆడ మొదటోడు ఎండాడా?"

మా దారుల లెక్క అప్పటిదాకా ఒక్కటే చూసేది: కబురు చేరాలంటే సగటున ఎన్నిసార్లు పంపాలి అని. అలా చూస్తే 17 అంత మంచి దారి లేదు, దాని ప్రాణం తీసింది ఆ మంచితనమే. ఇలాంటి డబ్బాలు దారి వెతుక్కునే పద్ధతికి 2012లో వచ్చిన ఆర్‌పీఎల్ ప్రమాణాలలో మిగిలిన శక్తినీ లెక్కలోకి తీసుకునే వీలుంది. రేడియో మేలుకున్న సెకన్లు డబ్బాలోనే లెక్కపెట్టించి, వాడకం పెరిగేకొద్దీ తన మీదుగా పోయే దారి ధర తానే పెంచి పక్కవాటికి చాటేలా మార్చాం. అయినా అన్ని కబుర్లూ షెడ్డు దగ్గర ఏదో ఒక డబ్బా దాటాల్సిందే, సాఫ్ట్‌వేర్ ఆ బరువును పంచుతుందే గాని తగ్గించదు. అందుకని చెట్ల తలలకన్నా ఎత్తైన స్తంభం పాతి, చిన్న సోలార్ పలకతో ఇంకో డబ్బా ఎక్కించాం. గుంట తవ్వడానికి సాయం పట్టింది మెక్సికోలోని మిచోవకాన్ నుంచి వచ్చిన, ఆ తోటకు నీళ్లు పెట్టే పెద్దాయన.

ఇప్పుడు ఆదివారాలు నాన్న ముందు దాని సంగతే అడుగుతాడు.

"పదిహేడోది ఎంతసేపు మేలుకుంటంది?"

"రోజుకు పన్నెండు నిమిషాలు, నాన్నా. అప్పట్లో గంటన్నర."

"పడుకోనీ దాన్ని," అంటాడు.