స్వీడన్ పాటకి మా అమ్మ ఓటు - నా అనుభవం

మేము ఉండేది స్వీడన్‌లోని మాల్మోలో, ఏడేళ్ళు దాటింది. ఇక్కడ ఫిబ్రవరి వచ్చిందంటే శనివారం సాయంత్రం ఎవర్నీ భోజనానికి పిలవకూడదు, పిలిచినా రారు, వచ్చినా ఏడున్నరకల్లా గడియారం చూసుకుంటూ కూర్చుంటారు. ఎందుకంటే ఎనిమిదింటికి టీవీలో మెల్లో. పూర్తి పేరు మెలోడీఫెస్టివాలెన్, అంత పేరు ఎవరూ పలకరు. యూరప్ దేశాల మధ్య జరిగే యూరోవిజన్ పాటల పోటీకి స్వీడన్ తరఫున ఏ పాట వెళ్ళాలో తేల్చే పోటీ ఇది, 1959 నుంచి ఉంది, 1974లో అబ్బా అనే బ్యాండ్ వాళ్ళు కూడా ఇందులో గెలిచే బయటికి వెళ్ళారు. యూరోవిజన్ ఇప్పటికి 7 సార్లు కొట్టారు వీళ్ళు, ఐర్లాండ్‌తో సమానం. మనకి క్రికెట్ టీమ్ సెలెక్షన్ ఎలాగో వీళ్ళకి ఇది అలాగ, తేడా ఏంటంటే ఇక్కడ సెలెక్టర్ కుర్చీలో జనం కూడా కూర్చుంటారు.

మొదటి రెండు మూడేళ్ళు నేను పట్టించుకోలేదు. మా పాప స్కూల్‌కి వెళ్ళడం మొదలెట్టాక తప్పలేదు. సోమవారం క్లాసులో అందరూ అదే మాట, చూడకపోతే పిల్లకి మాట్లాడటానికి ఏమీ ఉండదు. అలా అలా నేనూ అలవాటు పడ్డాను, చిప్స్ గిన్నెలో పోసుకుని డిప్ కలుపుకుని కూర్చోవడం దాకా వచ్చింది వ్యవహారం.

2025 సంగతి ఎందుకు రాస్తున్నానంటే ఆ ఏడాది మా అమ్మ కూడా ఇక్కడే ఉంది. జనవరిలో వచ్చింది, వయసు 76, బయట చలి, నాలుగింటికే చీకటి, ఆవిడకి చెయ్యడానికి పనేమీ లేదు. మాది హోసూరు. కర్ణాటక బోర్డర్, తమిళనాడు రాష్ట్రం, ఇంట్లో తెలుగు. ఈ వివరం తర్వాత పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ముందు ఆ ఏడాది పద్ధతి చెప్తాను, నాకు అర్థం కావడానికే చాలా టైం పట్టింది. మొత్తం 30 పాటలు. ఐదు శనివారాలు ఐదు ఊళ్ళు, రాత్రికి 6 పాటలు. ఆ ఏడాది లూలియో, గోథెన్‌బర్గ్, వెస్టెరోస్, మా మాల్మో, చివరికి యోన్‌షోపింగ్. ప్రతి రాత్రీ రెండు పాటలు నేరుగా ఫైనల్‌కి వెళ్తాయి, మిగిలిన వాటిలో కొన్నింటికి ఇంకో ఛాన్స్ ఇచ్చి మరో రెండు తీస్తారు, అలా 12 పాటలతో స్టాక్‌హోమ్ పక్కన సోల్నాలో పెద్ద స్టేడియంలో ఫైనల్. ఫైనల్లో సగం పాయింట్లు వేరే దేశాల జ్యూరీలవి, సగం జనానివి. జనం యాప్‌లో ఓటేస్తారు, ఓటంటే హార్ట్ నొక్కడం, ఒక్కో పాటకి ఐదు దాకా ఫ్రీ. ఫోన్ చేసి కూడా వెయ్యొచ్చు, దానికి డబ్బులు పడతాయి, అందులో ఛారిటీకి కొంత పోతుంది.

అసలు తమాషా యాప్ వయసు అడగడంలో ఉంది. 3 నుంచి 9, 10 నుంచి 15, అలా 75 పైబడిన వాళ్ళ దాకా ఏడు గ్రూపులు, ఫోన్ ఓట్లు ఎనిమిదో గ్రూపు. ఒక్కో గ్రూపుదీ సమానమైన బరువు. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి వెంటనే లెక్కేశాను: 75 దాటిన వాళ్ళు యాప్‌లో ఎంతమంది ఉంటారు, కుర్రాళ్ళకంటే తక్కువే కదా, అంటే మా అమ్మ ఒక్క హార్ట్ నా హార్ట్ కంటే ఎక్కువ పని చేస్తుంది. ఈ మాట మా ఆవిడతో అంటే "ఈ తెలివి కరెంటు బిల్లు దగ్గర చూపించండి" అంది.

అమ్మ ఫోన్‌లో యాప్ వెయ్యడానికి జాగా లేదు. గుడ్‌మార్నింగ్ పువ్వుల బొమ్మలు, దేవుడి వీడియోలు, నిండిపోయి ఉంది, ఒక్కటి డిలీట్ చెయ్యనివ్వదు. చివరికి మా పాత ఫోన్ ఒకటి డ్రాయర్‌లోంచి తీసి ఛార్జింగ్ పెట్టి, పాప దాంట్లో యాప్ వేసి వయసు 76 అని కొట్టి అవ్వ చేతిలో పెట్టింది. మొదటి శనివారం ఏమైందంటే, అమ్మ ఆరు పాటలకీ ఐదేసి హార్ట్‌లు నొక్కేసింది. ఎందుకమ్మా అంటే, "పాపం అందరూ కష్టపడి పాడినారు కదప్పా, ఒకరికి ఇచ్చి ఒకరికి ఎగ్గొడితే ఏం బాగుంటాది" అంది. అందరికీ ఐదిస్తే ఎవరికీ ఇవ్వనట్టే అవుతుందని పాప పేపర్ మీద ఆరు గీతలు గీసి, ఒక్కోదాని పక్కన ఐదు ఐదు రాసి చూపించింది. "చూడు అవ్వా, ఎవరైనా ముందుకొచ్చారా?" అమ్మ చాలాసేపు చూసి, సరే అంది గానీ మొహం చూస్తే నమ్మినట్టు లేదు. రెండో శనివారం నచ్చిన దానికి ఐదు, మిగిలిన వాటికి ఒక్కోటి. బోణీ అన్నమాట.

ఫిబ్రవరి 22 మాల్మో రౌండ్. శనివారం లైవ్ షోకి టికెట్లు దొరకలేదు, దొరికినా ఆ రేట్లకి మా ఆవిడ ఒప్పుకోదు, ముందురోజు సాయంత్రం రిహార్సల్‌కి కొన్నాం. గెన్‌రెప్ అంటారు. పేరుకి రిహార్సల్ గానీ షో మొత్తం అలాగే జరుగుతుంది, లైట్లు, యాంకర్లు, అన్నీ, చెల్లే రిజల్ట్ ఒక్కటే ఉండదు. హిల్లీ స్టేషన్‌లో రైలు దిగితే ఎదురుగానే అరీనా, ముందు ఏడాది యూరోవిజన్ జరిగింది కూడా అందులోనే. బయట గాలి మొహం కోసేస్తోంది, అమ్మకి మంకీ క్యాప్, దాని మీద శాలువా, దాని మీద నా జాకెట్. లోపలికెళ్ళి చూస్తే పిల్లలందరి చెవులకీ పెద్ద పెద్ద హెడ్‌ఫోన్ల లాంటివి, సౌండ్ తగలకుండా పెట్టేవి, గులాబీ రంగువి, నీలంవి. మా పాపకీ తెచ్చాం. రెండో పాటకే అమ్మ అవి లాక్కుని తను పెట్టుకుంది. పాప ఏడుపు మొహం పెడితే, "నీవి లేత చెవులు, తట్టుకుంటాయి" అంటుంది, ఎక్కడి లాజిక్కో ఇది.

ఆ చెవుల డబ్బాలు తీసింది ఒక్క పాటకే. కై అని ముగ్గురు అబ్బాయిలు. పాట సౌనా గురించి, అంటే కట్టెల పొయ్యి పెట్టిన చెక్క గదిలో కూర్చుని చెమటలు కక్కుతూ చేసే ఆవిరి స్నానం, ఫిన్లాండ్ వాళ్ళకి అది ప్రాణం. స్టేజి మీద టవల్స్ చుట్టుకున్న డ్యాన్సర్లు, పల్లెటూరి జాతరలా ఉంది. అమ్మ నవ్వుతూ తొడ మీద తాళం వేస్తోంది. పాట అయ్యాక అడిగింది, "వీళ్ళు ఏం భాష మాట్లాడతా ఉండారు? నీ ఆఫీసోళ్ళ మాదిరి లేదే." ఒక్క ముక్క స్వీడిష్ రాని మనిషి ఎలా పట్టుకుందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

నిజంగానే వేరు. వాళ్ళు స్వీడన్ వాళ్ళు కాదు, ఫిన్లాండ్ వాళ్ళు. అక్కడ పశ్చిమ తీరంలో వోరో అని చిన్న ఊరు, ఆ పక్క జనానికి స్వీడిషే ఇంటి భాష, దేశం మొత్తం మీద అయితే నూటికి ఐదుగురు ఉంటారు అంతే. పాడింది ఆ ఊరి యాసలో, మధ్యమధ్యలో ఫిన్నిష్ మాటలు కలిపి. సోమవారం ఆఫీసులో స్టాక్‌హోమ్ అతన్ని అడిగితే సగం అర్థం కాలేదన్నాడు. నేను ఇంటికొచ్చి అమ్మకి ఒక్క మాటలో చెప్పాను: "అమ్మా, వాళ్ళు ఇక్కడి హోసూరోళ్ళు."

అంతే. ఇంకేం చెప్పక్కర్లేదు. నేను ఇంజినీరింగ్‌కి హైదరాబాద్ వెళ్ళినప్పుడు హాస్టల్లో నోరు తెరిస్తే నవ్వేవాళ్ళు, "ఇది తెలుగేనా భాయ్, మళ్ళీ చెప్పు" అని పదిమందిని పిలిచి మరీ చెప్పించేవాళ్ళు. ఆర్నెల్లలో నా భాష మార్చేసుకున్నాను. సెలవులకి ఇంటికెళ్తే అమ్మ "ఏం రా, టీవీలో వార్తలు చదివేటోని మాదిరి మాట్లాడతా ఉండావు" అంది. అది ఆవిడ మర్చిపోలేదు, నేనూ మర్చిపోలేదు, కానీ ఇన్నేళ్ళలో ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ ఎత్తలేదు. ఆ రోజు మాత్రం అంది, "వాళ్ళు యాస మార్చుకోకుండానే వచ్చినారు చూడు." నాకు చురుక్కుమంది. సెమ్లా తింటున్నాం అప్పుడు, యాలకులేసిన బన్నులో బాదం ముద్ద, క్రీమ్ పెడతారు, ఫిబ్రవరిలో ప్రతి బేకరీలో ఉంటుంది. నేను బన్ను మీద దృష్టి పెట్టాను.

ఇక ఫైనల్. మార్చి 8. మాల్మో రౌండ్ శనివారం రాత్రే ఆ సౌనా పాట నేరుగా ఫైనల్‌కి వెళ్ళింది. అయినా అందరూ గెలుస్తాడన్నది మోన్స్ సెల్మర్‌లోవ్. 2015లో యూరోవిజన్ గెలిచిన మనిషి, పైగా మా పక్క ఊరు లుండ్‌లో పుట్టాడు, మా ఆఫీసులో లుండ్ బ్యాచ్ అంతా అతని వైపే. నిజం చెప్తున్నా, ఆ శనివారం మధ్యాహ్నం దాకా నేనూ అతనికే అనుకున్నాను. పాట బాగుంది, మనిషికి స్టేజి కొట్టిన పిండి.

మా ఇంట్లో నలుగురం, మూడు గ్రూపులం. పాప చిన్నపిల్లల గ్రూపు, నేనూ మా ఆవిడా 30 నుంచి 44 గ్రూపు, అమ్మ పెద్ద గ్రూపు. పాట మొదలవ్వగానే టీవీ మూల ఒక హార్ట్ కొట్టుకుంటూ ఉంటుంది, ఓట్లు పడేకొద్దీ దాని జోరు పెరుగుతుంది. అమ్మ ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుని, చూపుడువేలుతో ఒక్కో హార్ట్ అగరుబత్తి గుచ్చినంత జాగ్రత్తగా నొక్కింది. సౌనాకి ఐదు. మిగిలిన పదకొండు పాటలకీ సున్నా. మొదటి వారం అందరికీ పంచిపెట్టిన మనిషేనా అని మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. నేను మోన్స్‌కి మూడు, సౌనాకి ఐదు వేశాను. గోడ మీద పిల్లి ఓటు, ఒప్పుకుంటాను.

జ్యూరీల పాయింట్లలో మోన్స్ ముందు. అమ్మ అప్పుడే లేచి పెరుగు తోడు పెట్టడానికి వెళ్ళిపోయింది, ఇంకేముంది అయిపోయింది అని. జనం పాయింట్లు కలిసేసరికి తారుమారు. 164కి 157. ఏడు పాయింట్ల తేడాతో కై గెలిచారు. పాప సోఫా ఎక్కి గెంతుతోంది, అమ్మ గరిటెతో వంటింటి గుమ్మంలో నిలబడి, "నేను గెలిపిస్తిని" అంది. అంతా తన ఐదు హార్ట్‌ల వల్లే అని ఇప్పటికీ నమ్ముతుంది, నేను సరిచెయ్యలేదు. తర్వాత ఇంకో మాట కూడా అంది, ముందు ఏడాది గెలిచింది నార్వే కవలలని పాప చెప్తే: "ఏం రా, ఈ దేశంలో పాడేటోళ్ళు లేరా?"

స్వీడన్ తరఫున యూరోవిజన్‌లో స్వీడిష్ భాషలో పాట వెళ్ళడం 1998 తర్వాత అదే మొదటిసారి. అదీ బోర్డర్ అవతలి వాళ్ళ నోట. అన్నేళ్ళూ పంపింది ఇంగ్లీష్ పాటలే.

ఏప్రిల్‌లో అమ్మ హోసూరు వెళ్ళిపోయింది. మే 17న స్విట్జర్లాండ్ బాసెల్‌లో యూరోవిజన్ ఫైనల్. అక్కడ రూల్ ఏంటంటే సొంత దేశానికి ఓటెయ్యకూడదు, అంటే మాల్మోలో కూర్చున్న మేము స్వీడన్‌కి వెయ్యలేం. కానీ 2023 నుంచి పోటీలో లేని దేశాల వాళ్ళు కూడా ఆన్‌లైన్‌లో డబ్బులు కట్టి ఓటెయ్యొచ్చు, వాటన్నింటినీ ఒక దేశం ఓటుగా లెక్కేస్తారు. అంటే మా నలుగురిలో స్వీడన్‌కి ఓటేసే హక్కు హోసూరులో ఉన్న అమ్మకే! ఫోన్ చేసి చెప్తే ఎగిరి గంతేసింది. మన టైం ప్రకారం షో మొదలయ్యేది రాత్రి పన్నెండున్నరకి, అయినా మేలుకుంటానంది, పక్కింటి డిగ్రీ కుర్రాణ్ణి కూడా లేపి కూర్చోబెట్టింది, యూట్యూబ్‌లో చూస్తున్నారు ఇద్దరూ.

నేను ఇక్కణ్ణుంచి నా కార్డుతో కట్టేద్దామా అంటే అది కుదరదు, కార్డు ఏ దేశానిదో చూస్తారు. అమ్మ కార్డే కావాలి. దానికి ఫారిన్ పేమెంట్లు ఆన్ చెయ్యాలని మధ్యాహ్నమే కుర్రాడితో చేయించాను. అంతా సిద్ధం. సౌనా పాట అయ్యింది, కుర్రాడు కార్డు నంబర్ కొట్టాడు, వీడియో కాల్‌లో నేను చూస్తున్నాను, స్క్రీన్ మీద ఓటీపీ అడిగింది. "అన్నా, ఓటీపీ రాలేదు" అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు. అమ్మ అకౌంట్‌కి లింకైన నంబర్ నాది. నా ఇండియా సిమ్. అది ఇక్కడ మాల్మోలో ఏదో డ్రాయర్‌లో ఉంది. ఇంట్లో ఉన్న ముగ్గురం వెతికాం, పాస్‌పోర్ట్‌ల కవర్, పాప పుట్టినప్పటి కాగితాలు, పాత తాళాలు, అన్నీ తీశాం. చివరికి అమ్మకి ఇచ్చిన ఆ పాత ఫోన్ డబ్బాలో దొరికింది, పిన్నీసుతో ట్రే తెరిచి సిమ్ వేసి ఆన్ చేసేసరికి ఓటింగ్ క్లోజ్. ఇంకో పది నిమిషాలకి టంగుమని ఓటీపీ వచ్చింది.

స్వీడన్‌కి నాలుగో స్థానం. ఆస్ట్రియా గెలిచింది. అమ్మకి చెప్పాను.

"నాలుగోదానికి ఏమిస్తారు?"

"ఏమీ ఇవ్వరమ్మా."

"అంత దూరం పోయి పాడినారు కదప్పా, ఒక టవలన్నా ఇయ్యల్సింది."