నోర్సెట్ కొట్టాను: బీఎస్సీ నర్సింగ్ తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నా ప్రిపరేషన్ సంగతులు

నోర్సెట్ (ఎయిమ్స్ హాస్పిటళ్ళలో నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాలకి పెట్టే పరీక్ష) మెయిన్స్ రిజల్ట్ పీడీఎఫ్‌లో నా రోల్ నంబర్ కనిపించినప్పటి నుంచి ఫోన్ ఆగట్లేదు. "అన్నా, ఏ బుక్? ఏ యాప్? రోజుకి ఎన్ని గంటలు?" అందరిదీ ఒకటే వరస. విడివిడిగా జవాబివ్వడం నా వల్ల కావట్లేదు కాబట్టి ఒకేసారి రాసేస్తున్నా. బుక్ పేరు కోసం చదివేవాళ్ళకి మాత్రం నిరాశే. మెడ్ సర్జ్ (మెడికల్ సర్జికల్ నర్సింగ్), ఓబీజీ (కాన్పులు, స్త్రీల జబ్బులు), పీడియాట్రిక్స్, కమ్యూనిటీ, సైకియాట్రీ అన్నిటికీ కాలేజీలో మనమంతా చదివిన టెక్స్ట్‌బుక్‌లే. ఎంసీక్యూ (ఆప్షన్ల ప్రశ్నల) బుక్ ఒక్కటి చాలు. రెండోది కొన్నవాళ్ళు రెండూ పూర్తి చేయగా నేనైతే చూడలేదు.

మగపిల్లలకి ముందుగా ఒక మాట. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల్లో 80 శాతం ఆడవాళ్ళవి, 20 శాతం మనవి. సిస్టర్స్‌కి పోస్టు వచ్చే ర్యాంకులో బ్రదర్స్‌కి రాకపోవచ్చు. దీని గురించి వాదించుకోవడానికి టీ కొట్టు దగ్గర చాలా సాయంత్రాలు ఖర్చుపెట్టిన బ్యాచ్ మాది, ర్యాంకు ఒక్కటి కూడా ముందుకి జరగలేదు. నా మొదటి అటెంప్ట్‌లో ప్రిలిమ్స్ పాసయ్యాను, మెయిన్స్‌లో ఓబీసీకి కావాల్సిన 45 శాతం కూడా దాటాను. పోస్టు రాలేదు. క్వాలిఫై అవడం వేరు, పోస్టు రావడం వేరు అని మా బంధువులకి చెప్పీ చెప్పీ విసిగిపోయాను. వాళ్ళ లెక్కలో నేను ఫెయిల్. ఇప్పటికీ చెప్తున్నా, అది ఫెయిల్ కాదు. చదవక పోయిన ర్యాంకు కూడా కాదు.

మరి ఏం తక్కువైంది? ప్రిలిమ్స్ మీ అందరికీ తెలిసిందే, 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు, 20 ప్రశ్నల సెక్షన్‌కి 18 నిమిషాలు, సెక్షన్ మూసుకుంటే వెనక్కి వెళ్ళడం లేదు. అక్కడ రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్‌కి యాంటీడోట్ (విరుగుడు) ప్రొటమైన్ సల్ఫేట్ అని గుర్తుంటే మార్కు వస్తుంది. కానీ ఆ మార్కులు మెయిన్స్ హాల్ గుమ్మం వరకే. ర్యాంకు ఇచ్చేది మెయిన్స్, 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. అక్కడ ఒక పేషెంట్‌ని తెచ్చి ముందు పెడతారు. నాలుగు ఆప్షన్లూ కరెక్టే. "ముందు ఏం చేస్తావు" అంటారు. మొదటిసారి నేను ఆగిపోయింది ఇక్కడే. మన కాలేజీల్లో సెషనల్స్‌కి (ఇంటర్నల్ పరీక్షలకి) డెఫినిషన్, కాజెస్, నర్సింగ్ మేనేజ్‌మెంట్ అని వరసగా రాయించారే తప్ప, ఆ మేనేజ్‌మెంట్‌లో ఏది మొదట, ఏది తర్వాత అని అడిగినవాళ్ళు లేరు. పది పాయింట్లు రాస్తే పది మార్కులు. ఏ పాయింటు ముందున్నా ఒకటే.

ఇది నాకు నేర్పింది కోచింగ్ కాదు. డిగ్రీ అయ్యాక నేను చేరిన ఐసీయూలో ఒక ఇన్‌ఛార్జ్ సిస్టర్ ఉండేవారు. డ్యూటీ మారేటప్పుడు, హ్యాండోవర్ టైంలో ఆవిడ కేస్ షీట్ చదవనిచ్చేవారు కాదు. బెడ్ దగ్గర నిలబెట్టి, "బ్రదర్, ఈ రాత్రి ఈ పేషెంట్‌కి ఏమవుతుందని నీ భయం? అయితే మొదట నీ చెయ్యి ఎక్కడికి వెళ్తుంది?" అని అడిగేవారు. ఆవిడంటే అందరికీ టెన్షనే, నాకైతే మొదట్లో కోపం కూడా. పాత మెయిన్స్ ప్రశ్నలు ముందేసుకుని కూర్చున్న ఒక రోజు వెలిగింది, ఆవిడ రోజూ అడుగుతున్నది ఇదే కదా అని.

అప్పటి నుంచి డ్యూటీలో చూసిన ప్రతి కేసునీ ప్రశ్నగా రాసుకోవడం మొదలుపెట్టాను. ఒకటి చెప్తాను. బ్లడ్ ఎక్కుతున్న పేషెంట్‌కి చలి, వణుకు, నడుము నొప్పి. ఆప్షన్లు: వైటల్స్ చూడటం, డాక్టర్‌కి చెప్పడం, ట్రాన్స్‌ఫ్యూజన్ ఆపడం, బ్యాగుని బ్లడ్ బ్యాంక్‌కి పంపడం. నాలుగూ చేయాల్సినవే. "నర్సింగ్ ప్రాసెస్‌లో అసెస్‌మెంట్ ఫస్ట్" అని బట్టీ పట్టినవాడు వైటల్స్ పెడతాడు. తప్పు. ప్రశ్నే అసెస్‌మెంట్ చేసి మీ చేతికిచ్చింది. చలి, వణుకు, నడుము నొప్పి చాలు, ఇంకా బీపీ చూస్తూ కూర్చుంటే సరిపడని రక్తం ఇంకో పాతిక ఎంఎల్ లోపలికి పోతుంది. మొదట ఆపాలి, ట్యూబింగ్ మార్చి నార్మల్ సెలైన్‌తో వెయిన్ ఓపెన్‌గా ఉంచాలి, మిగతావన్నీ ఆ తర్వాత. అదే, ఆపరేషన్ అయిన పేషెంట్ "నొప్పిగా ఉంది సిస్టర్" అన్నాడనుకోండి, అక్కడ ఇంజెక్షన్ మొదటి జవాబు కాదు. నొప్పి ఎక్కడ, ఎంత, ఎప్పటి నుంచి అన్నది ప్రశ్నలో లేదు కాబట్టి ముందు అసెస్ చేయాలి. అంటే ప్రశ్న చదవగానే చూసుకోవాల్సింది, చెయ్యి కదపడానికి చాలినంత సమాచారం అందులో ఉందా లేదా అని. ఉంటే యాక్షన్, లేకపోతే అసెస్‌మెంట్. నా ర్యాంకు మార్చింది ఇదొక్కటే. మిగతాదంతా మీరూ చదివారు, నేనూ చదివాను.

ఇలాగే చెస్ట్ డ్రెయిన్, అంటే ఛాతీలో చేరిన గాలినీ ద్రవాన్నీ బయటికి తీసే ట్యూబ్. దాని చివర ఉండే నీళ్ళ బాటిల్ (వాటర్ సీల్)లో నీళ్ళు ఊపిరితో పాటు పైకీ కిందకీ ఆడుతుంటే మామూలే, ఆగకుండా బుడగలు వస్తుంటే ఎక్కడో గాలి లీక్. బాటిల్ పగిలితే డాక్టర్‌కి ఫోన్ తర్వాత, ట్యూబ్ చివర స్టెరైల్ వాటర్‌లో ముంచడం ముందు. ఎక్లాంప్సియా (గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ రావడం) పేషెంట్‌కి మ్యాగ్నీషియం సల్ఫేట్ తర్వాతి డోసు వేసేముందు మోకాలి రిఫ్లెక్స్, శ్వాస రేటు, గంటకు 30 ఎంఎల్ యూరిన్ వస్తోందా అన్న మూడూ చూడాలి, దాని విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ పక్కనే ఉండాలి. లేబర్ రూమ్ పోస్టింగ్‌లో ఒక్కసారి నిజంగా మోకాలి మీద తట్టి చూసినవాళ్ళు దీన్ని జన్మలో మర్చిపోరు. ప్రొసీజర్ బుక్‌లో సంతకాల కోసం ఫ్రెండ్ రాసింది కాపీ కొట్టినవాళ్ళకి నేనేం చెప్పలేను.

లెక్కల్లో కూడా మెలికలుంటాయి. కాలిన పేషెంట్‌కి మొదటి 24 గంటల్లో ఎంత ఫ్లూయిడ్ ఎక్కించాలో చెప్పే పార్క్‌లాండ్ ఫార్ములా అందరికీ వచ్చు, 4 ఎంఎల్ ఇంటూ బరువు ఇంటూ కాలిన శాతం. 60 కేజీల మనిషికి రెండు కాళ్ళూ ముందూ వెనకా కాలితే 36 శాతం, మొత్తం 8,640 ఎంఎల్. సగం మొదటి 8 గంటల్లో. ఏ 8 గంటలు? కాలిన టైం నుంచి, హాస్పిటల్‌కి వచ్చిన టైం నుంచి కాదు. రెండు గంటలు ఆలస్యంగా వస్తే 4,320 ఎంఎల్ మిగిలిన 6 గంటల్లో పోవాలి, గంటకు 720. ప్రశ్నలో వచ్చిన టైం ఇచ్చారంటే దాన్ని ఊరికే ఇవ్వలేదని అర్థం.

నెగెటివ్ మార్కుల గురించి తెగ భయపెడతారు. కాస్త లెక్కేసుకోండి. నాలుగు ఆప్షన్లు, తప్పుకి మూడో వంతు మార్కు కోత. ఏమీ తెలియకుండా గుడ్డిగా పెడితే సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు. ఒక్క ఆప్షన్‌ని నమ్మకంగా కొట్టేయగలిగితే పెట్టడమే లాభం. రెండింటి మధ్య ఊగుతూ ఖాళీగా వదిలేసి వచ్చేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది.

కమ్యూనిటీ నంబర్లు (సబ్‌సెంటర్‌కి మైదానంలో 5,000 జనాభా, కొండ ప్రాంతంలో 3,000, పీహెచ్‌సీకి, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అదే వరసలో 30,000, 20,000), ఇమ్యునైజేషన్ షెడ్యూల్, బయోమెడికల్ వేస్ట్ రంగులు, ఇవి గోడ మీద అంటించుకుని పళ్ళు తోముకుంటూ చదివేయండి. ఆప్టిట్యూడ్‌కి రోజూ కాసేపు. దీని మీద ఇంతకంటే రాయడానికేం లేదు.

ఉద్యోగం మానేసి చదవాలా అని చాలామంది అడిగారు. నేను మానలేదు. "నైట్ డ్యూటీలు చేస్తూ ఏం చదువుతావురా" అన్నవాళ్ళే ఇప్పుడు "ఐసీయూ ఎక్స్‌పీరియెన్స్ ఉంది కాబట్టి నీకు వచ్చింది" అంటున్నారు. రెండూ వాళ్ళే అన్నారు! ఇంట్లో డబ్బు అవసరం ఉంది, అదీ నిజమే. కానీ పుస్తకాన్నీ బెడ్‌నీ పక్కపక్కన పెట్టి చూసే వీలు నాకు దొరికింది ఆ డ్యూటీల వల్లే. జీఎన్ఎం (డిగ్రీ కాకుండా నర్సింగ్ డిప్లొమా) చేసినవాళ్ళకైతే చాయిస్ కూడా లేదు, 50 పడకల హాస్పిటల్‌లో రెండేళ్ళ అనుభవం లేకుండా అప్లికేషనే పనికిరాదు. నైట్ అయ్యాక నిద్రపోండి. నిద్ర మానేసి చదివానని గొప్పగా చెప్పుకునే బ్యాచ్‌ని నమ్మకండి. పొద్దున రెండు రకాల ఇన్సులిన్ ఒకే సిరంజిలోకి లోడ్ చేసేటప్పుడు రెగ్యులర్ ముందా ఎన్‌పీహెచ్ ముందా అని తడబడే బుర్రకి మెయిన్స్‌లో మాత్రం ఏం తోస్తుంది? ఫోన్ విషయం మీ ఇష్టం. నేను మాత్రం గ్రూపులన్నిటి నుంచీ బయటికొచ్చేశాను. రోజుకి నాలుగొందల మెసేజ్‌లు, అందులో సగం "కటాఫ్ ఎంతుండొచ్చు" అని. పరీక్ష రాయకముందు కటాఫ్ తెలుసుకుని ఏం చేస్తారో నాకిప్పటికీ అర్థం కాదు. చదివేవాడికి గ్రూపు అక్కర్లేదు, చదవనివాడికి గ్రూపు సరిపోదు. సరే, క్లాసు పీకుతున్నట్టున్నాను, ఆపేస్తా.

ఏ ఎయిమ్స్ కావాలో ఇచ్చే ఆప్షన్లలో మంగళగిరి, బీబీనగర్ పైన పెట్టాను. ఆ రెండూ రాలేదు, రాయ్‌పూర్ వచ్చింది. ఇంటికి దూరమని అమ్మ మొహం చిన్నబోయింది గానీ నాకు ఏ దిగులూ లేదు. పే లెవెల్ 7, నెలకి బేసిక్ జీతం 44,900. ఐసీయూలో నేను అందుకున్న జీతం ఇక్కడ రాయడం నాకే నామోషీ.

ఇక సర్టిఫికెట్లు. ర్యాంకు వచ్చాక వీటి దగ్గర పోస్టు పోగొట్టుకున్నవాళ్ళున్నారు కాబట్టి జాగ్రత్తగా చదవండి. ఓబీసీ వాళ్ళూ, మన ఎమ్మార్వో ఆఫీసులో మామూలుగా ఇచ్చే బీసీ సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదు. సెంట్రల్ ఫార్మాట్‌లో నాన్ క్రీమీ లేయర్‌ది (సంపన్న శ్రేణి కాదని చెప్పేది) కావాలి, అదీ నోటిఫికేషన్‌లో ఇచ్చిన తేదీల మధ్య తీసుకున్నదై ఉండాలి. రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన సెంట్రల్ లిస్టులో మీ కులం ఉంటుందని అనుకోకండి, అప్లై చేసేముందే చూసుకోండి. స్టేట్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఒరిజినల్ కావాలి. పదో తరగతి మెమోలో, డిగ్రీలో, ఆధార్‌లో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే సరిచూసుకోండి. కొత్తగా ప్రైవేటులో చేరేవాళ్ళు, ఒరిజినల్స్ మా దగ్గరే ఉంచాలి, బాండ్ రాయాలి అనే చోట చేరకండి. నేను చేరిన చోట అలాగే ఉంచుకున్నారు. వెరిఫికేషన్‌కి కావాలంటే రేపు రా, ఎల్లుండి రా అని తిప్పారు, చివరికి ఆ ఇన్‌ఛార్జ్ సిస్టరే హెచ్‌ఆర్ గదిలో కూర్చుని, అవి నా చేతిలో పెట్టేదాకా లేవలేదు.